గేమ్ తీసేస్తే సరిపోదు, గేమ్ వీడియోను వినాలి

సంపాదకులకు,

అయ్యా,

నల్లగొండ ప్రకాశం బజార్‌లో పదిహేనేళ్లుగా మొబైల్ ఫోన్లు అమ్ముతూ, రిపేర్లు చేస్తూ బతుకుతున్న చిన్న దుకాణదారుణ్ణి. సెలవులు వస్తే చాలు, నా కౌంటర్ ముందు నిలబడే తల్లిదండ్రుల్లో రోజుకు ఇద్దరు ముగ్గురైనా ఒకటే మాట అడుగుతారు: "అన్నా, పిలగాడు గేములు ఆడకుండ ఏదన్న లాక్ పెట్టియ్యి." నేను ఆ గేమ్ తీసేస్తాను, దుకాణంలో పనికి తగ్గట్టు ఇరవయ్యో యాభయ్యో తీసుకుంటాను, వాళ్లు నిశ్చింతగా వెళ్లిపోతారు. వారం పది రోజులకు ఛార్జింగ్ పిన్ బాగు చేయించుకోవడానికి అదే ఫోను మళ్లీ వస్తుంది. తెరిచి చూస్తే గేమ్ లేదు గానీ, ఆ గేమ్‌ను వేరెవరో ఆడుతూ మాట్లాడిన వీడియోలు యూట్యూబ్ హిస్టరీలో వరుసగా బారెడు పొడవున ఉంటాయి. ఆడితే చెడిపోతాడు, చూస్తే ఫరవాలేదు అనే లెక్క మన ఇళ్లలో ఎట్లా స్థిరపడిందో తెలియదు. ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో రోజూ కళ్లారా చూసేవాణ్ణి కనుక మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పుకోవాలనుకుంటున్నాను.

సినిమాకు వెళ్తే తెర మీద మొట్టమొదట కనిపించేది సెన్సార్ సర్టిఫికెట్. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించిన తర్వాత యూఏ (పిల్లలు పెద్దల తోడుతో చూడవచ్చు) అన్న ఒక్క ముద్ర స్థానంలో 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు అంటూ మూడు మెట్లు కూడా వచ్చాయి. గేమ్‌కు కూడా ఒక ముద్ర ఉంది. ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కింద 3+, 7+, 12+, 16+, 18+ అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూడరు, అది వేరే సంగతి. కానీ ఎవరో తన గదిలో కూర్చుని అదే గేమ్ ఆడుతూ, ఆడినంతసేపూ మాట్లాడుతూ యూట్యూబ్‌లో పెట్టిన వీడియోకు అటువంటి మెట్లేవీ ఉండవు. మరీ మితిమీరిన వాటికి 18 ఏళ్ల హద్దు పెడతారు, అంతే. మిగిలినదంతా ఒకే రాశిలో పోసి ఉంటుంది. తుపాకులతో కాల్చుకునే ఆటలైన పబ్జీని 2020 సెప్టెంబరులో, ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో మన దేశంలో నిషేధించినప్పుడు "పీడ పోయింది" అని నా దుకాణంలో ఒకాయన పక్కవాళ్లకు చాయ్ కూడా తాగించాడు. ఆ గేములు స్టోర్‌లో నుంచి పోయాయి గానీ, వాటి వీడియోలు ఒక్కరోజు కూడా ఆగలేదు. పబ్జీ స్థానంలో వచ్చిన బీజీఎంఐ అనే గేమ్ కూడా కొన్నాళ్లు ఆగిపోయి, 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారు రోజుకు మూడు గంటలకు మించి ఆడకుండా హద్దు పెట్టుకుంది. ఆ గేమ్ వీడియోలు చూసేవాడికి అటువంటి గడియారం లేదు.

మొన్న దేవరకొండ అవతలి ఊరి నుంచి ఒక పెద్దమ్మ నాలుగో తరగతి చదివే మనుమణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. కొడుకూ కోడలూ హైదరాబాదులో మేస్త్రీ పనికి పోతారు, పిల్లవాడు ఈమె దగ్గరే ఉంటాడు. తండ్రి తన పాత ఫోను ఇంట్లో ఇచ్చి పోయాడు. స్పీకరు పనిచేయడం లేదని ఆమె ఫిర్యాదు. "పిలగాడు ఏం చూస్తడు అవ్వా?" అని మాటవరసకు అడిగాను. "కార్ల బొమ్మలు సూస్తడు బిడ్డా, గంతే. మంచోడే" అంది. స్పీకరు బాగానే ఉంది. ఫోనుకు దిగేసిన ఇయర్‌ఫోన్ పిన్ను ముక్క విరిగి లోపలే ఇరుక్కుపోవడంతో శబ్దం బయటికి రావడం లేదు. సన్న సూదితో ఆ ముక్కను పీకి, పిల్లవాడు చివర చూసిన వీడియోనే పెట్టాను. తెర మీద నిజంగానే కార్లు, ఎండ పడిన రోడ్డు, సముద్రం ఒడ్డు. స్పీకరులో నుంచి మాత్రం తల్లిని, చెల్లిని కలిపి తిట్టే బూతు, అదీ మన తెలుగులో, నవ్వుతూ, ఒకటి తర్వాత ఒకటి. దుకాణంలో ఉన్న ముగ్గురం తల దించుకున్నాం. ఆ పెద్దమ్మ ఆ ఫోనును చేతిలోకి తీసుకుని కొంచెంసేపు అట్లాగే చూసి, "ఇన్ని దినాలు ఇదా వీడు ఇనేది" అంది. పిల్లవాడు నేల చూస్తూ నిలబడ్డాడు.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ విరిగిన పిన్నులోనే ఉంది. పెద్దలు పిల్లల వీడియోలను దూరం నుంచి చూస్తారు, పిల్లలు వాటిని దగ్గర నుంచి వింటారు. గేమ్ వీడియోలో బొమ్మ సగమే, మిగిలిన సగం మాట్లాడేవాడి గొంతు. పిల్లవాడి మీద ఎక్కువ పనిచేసేది కూడా ఆ గొంతే. వంటింట్లో ఉన్న తల్లికి భుజం మీదుగా కనిపించేది రంగురంగుల కార్లూ, గడ్డి పొలాలూ, చతురస్రాల ఇళ్లూ మాత్రమే. మర్రిగూడ వైపు వాళ్లకు ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది: ఒళ్లు పాడుచేసిన ఫ్లోరైడ్ నీళ్లు కూడా గ్లాసులో పోసి చూస్తే తేటగానే కనిపించేవి. అందుకని నేను తల్లిదండ్రులను మొదట అడిగేది లాక్ సంగతి కాదు. ఇంట్లో పిల్లవాడు ఇయర్‌ఫోన్ లేకుండా, నలుగురి మధ్య, స్పీకరు మీద వీడియో చూసే అలవాటు ఉందా అని అడుగుతాను. చెవిలో పెట్టుకుంటే ఇంట్లో గోల ఉండదని ఆ ఇయర్‌ఫోన్ కొనిపెట్టేది కూడా మనమే. అమ్మేది నేనే, కనుక ఈ మాట నా బేరానికి నష్టమేనని కూడా ఒప్పుకుంటున్నాను.

ఆ పిల్లవాడు చూసిన కార్ల గేమ్ పేరు జీటీఏ 5. 2013లో వచ్చింది. దొంగతనాలు, దోపిడీలు, కాల్పులే దాని కథ. యూరప్‌లో దానికి 18 ఏళ్ల ముద్ర, అమెరికాలో 17 ఏళ్లు దాటినవారికి అన్న ముద్ర ఉన్నాయి. ఆ గేమ్ కంప్యూటర్లలో, టీవీకి తగిలించే కన్సోళ్లలో ఆడేది. అంత ఖర్చు పెట్టే ఇళ్లు మా వైపు ఎన్ని? తండ్రి పాత ఫోనులో అది ఎక్కనే ఎక్కదు, ప్లే స్టోర్‌లో దాని ముద్ర కూడా కనిపించదు. అయినా మా వైపు నాలుగో తరగతి పిల్లలకు ఆ ఊరి వీధులు, పోలీసు ఎట్లా వెంటపడతాడు, ఏ తుపాకీ ఎక్కడ దొరుకుతుంది, అన్నీ తెలుసు. ఆడి తెలుసుకున్నవి కావు, చూసి తెలుసుకున్నవి. గేమ్ ఫోనులో లేదు కనుక పిల్లవాడికీ గేమ్‌కూ సంబంధం లేదనుకోవడం పొరపాటని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే గేమ్ వీడియోలన్నీ చెడ్డవే అన్నట్టు అవుతుంది. మైన్‌క్రాఫ్ట్ అని మట్టి గడ్డలు పేర్చి ఇళ్లు కట్టే గేమ్ ఉంది. యూరప్‌లో దానికి 7 ఏళ్ల ముద్ర. దాని వీడియోలు చూసే మా అన్న కూతురు ఒకరోజు నా దుకాణంలో కూర్చుని, ఆ గేమ్‌లో రెడ్‌స్టోన్ అనే ఎర్ర పొడిని తీగలాగా నేల మీద పరిచి, మనిషి అడుగు పెట్టగానే తలుపు దానంతటదే తెరుచుకునేట్టు ఎట్లా చేస్తారో నాకు కాగితం మీద గీసి చూపించింది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఇన్నేళ్లుగా సర్క్యూట్లు చూసేవాణ్ణి కనుక నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. స్విచ్, దారి, ఆలస్యం, తిరిగి మూసుకోవడం, అన్నీ ఉన్నాయి అందులో. ఆమె చూసే ఛానల్‌లో మాట్లాడేవాడు నిదానంగా, ఒక్కో మెట్టు ఆగి చెబుతాడు. అదే మైన్‌క్రాఫ్ట్ పేరుతో తోటి ఆటగాణ్ణి రెచ్చగొట్టడం, ఏడిపించడం, ఆ ఏడుపును చూపించి నవ్వించడమే పనిగా పెట్టుకున్న వీడియోలను కూడా నేను చూశాను. గేమ్ ఒకటే, ముద్ర ఒకటే, ఒకటి పాఠం, ఇంకొకటి పోకిరీతనం. కనుక గేమ్ వయసు ముద్ర తెలుసుకోవడం మొదటి మెట్టు మాత్రమే. 18 ముద్ర ఉన్న గేమ్ అయితే ఎవడు ఎంత తియ్యగా మాట్లాడినా పదేళ్ల పిల్లవాడికి వద్దు. 7 ముద్ర ఉన్నది మాత్రం, మాట్లాడేవాణ్ణి విన్న తర్వాతే తేల్చాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2020లో కరోనా వల్ల బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ చదువుల ఛానల్ టీ-శాట్‌లోనూ, దూరదర్శన్ యాదగిరిలోనూ పాఠాలు మొదలైనప్పుడు, టీవీ లేని ఇళ్లవాళ్లు అప్పు చేసి మరీ ఫోన్లు కొన్నారు. ఆ నెలల్లో నేను అమ్మినన్ని తక్కువ ధర ఫోన్లు మళ్లీ ఎప్పుడూ అమ్మలేదు. ఫోను నడవాలంటే జీమెయిల్ కావాలి. 13 ఏళ్లలోపు పిల్లల పుట్టిన తేదీ కొడితే అది తల్లిదండ్రుల అనుమతి అడిగి, ఇంకో ఖాతాకు ముడిపెట్టి, చాలాసేపు నడుస్తుంది. బయట పదిమంది వేచి ఉండేవారు. అందరికీ నేను 1990 జనవరి 1 అని కొట్టేవాణ్ణి. అట్లా నా చేతి మీదుగా పుట్టిన వందలాది దొంగ పెద్దమనుషుల ఖాతాల్లోనే ఈరోజు పిల్లలు వీడియోలు చూస్తున్నారు. యూట్యూబ్ లెక్కలో ఆ చూసేవాడు 35 ఏళ్లు దాటిన మనిషి. అతనికి 18 ఏళ్ల హద్దు ఉన్న వీడియో తలుపు తీసే ఉంటుంది, అప్పుల యాప్‌ల ప్రకటనలూ వస్తాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారికి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని చెబుతోంది. కానీ ఖాతాలో కూర్చున్నది 1990లో పుట్టిన మనిషి అయితే, ఆ చట్టానికి మన పిల్లవాడు కనిపించేది ఎట్లా?

అందుకని ఇప్పుడు ఎవరు అడిగినా, అడగకపోయినా, పిల్లవాడికి అసలు పుట్టిన తేదీతో వేరే ఖాతా తెరిచి, గూగుల్ ఫ్యామిలీ లింక్ ద్వారా దాన్ని తల్లి లేదా తండ్రి ఫోనుకు కలుపుతున్నాను. అరగంట పడుతుంది. చిన్నపిల్లలకైతే యూట్యూబ్ కిడ్స్ అనే వేరే యాప్ ఉంది. అందులో 4 ఏళ్లలోపు, 5 నుంచి 8, 9 నుంచి 12 అంటూ మూడు వరుసలు ఉంటాయి, మనం ఎంచి పెట్టినవి తప్ప వేరేవి రాకుండా చేసే వీలు కూడా ఉంది. పదకొండేళ్లవాడు దాన్ని "చిన్నపోరగాళ్లది" అని ముట్టుకోడు, అది కూడా చూశాను. అటువంటి వాళ్లకు మామూలు యూట్యూబ్‌నే పెద్దల పర్యవేక్షణలో, 9 ఏళ్ల పైవారికి ఒక మెట్టు, 13 ఏళ్ల పైవారికి ఒక మెట్టు అని తగ్గించి ఇచ్చే పద్ధతి 2021 నుంచి ఉంది. రెస్ట్రిక్టెడ్ మోడ్ అనే జల్లెడ కూడా ఉంది గానీ, తెలుగు బూతులు దాని కన్నాల్లో నుంచి హాయిగా జారిపోవడం నా కౌంటర్ మీదే చూశాను. కనుక అది పెట్టి ఇక మన పని అయిపోయిందనుకోవద్దు. ప్యాటర్న్ లాక్ గురించి చెప్పనే అక్కర్లేదు. ఫోనును వెలుతురుకు వాలుగా పట్టుకుంటే అద్దం మీద తండ్రి వేలి జిడ్డు గీత మొత్తం కనిపిస్తుంది, పిల్లలు ఆ విద్య రెండు రోజుల్లో నేర్చేస్తారు.

డబ్బు సంగతి ఇంకా చెప్పలేదు. తల్లిదండ్రులు బూతునైనా పట్టుకుంటారేమో గానీ దీన్ని పట్టుకోలేరు, ఎందుకంటే ఇది మర్యాదగా మాట్లాడుతుంది. ఏడో తరగతి చదివే నా కొడుకే దీనికి చిక్కాడు. లైవ్‌లో ఒకతను గేమ్ ఆడుతూ, "తమ్ముళ్లూ, చాట్‌లో మీ యూఐడీ పెట్టండి, పదిమందికి డైమండ్స్ ఫ్రీ" అన్నాడు. యూఐడీ అంటే గేమ్‌లో ఆటగాడి గుర్తింపు నంబరు, డైమండ్స్ అంటే గేమ్‌లో బట్టలు, తుపాకీ రంగులు కొనుక్కునే నాణేలు. వాటిని డబ్బు పెట్టి టాప్-అప్ చేసుకోవాలి. వీడు నంబరు పెట్టాడు. గంటలో ఎవరో ఆ లైవ్ అతని పేరూ, బొమ్మా పెట్టుకుని వీడిని టెలిగ్రామ్ గ్రూపులోకి పిలిచి, నువ్వు గెలిచావు, రెండు వందలు కడితే పంపుతాం అన్నారు. తర్వాత ఇంకో మూడు వందలు. తల్లి ఫోనులో యూపీఐ పిన్ వీడికి తెలుసు. అయిదు వందలు పోయాక గానీ మాకు తెలియలేదు. సైబర్ మోసాలకు 1930 నంబరు ఉందని నేనే దుకాణంలో పదిమందికి చెప్పేవాణ్ణి. మొబైల్ దుకాణం వాడి కొడుకే మోసపోయాడంటే నలుగురూ ఏమనుకుంటారోనని నేనే ఫోన్ చేయలేదు. ఆ సిగ్గు తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. వెంటనే చేసి ఉంటే పోయిన సొమ్ము చేతులు మారకముందే ఆపించే అవకాశమైనా ఉండేది.

ఆ తర్వాత ఆ లైవ్ వీడియోను మొదటి నుంచి కూర్చుని విన్నాను. గంటన్నరలో అతను ఆట గురించి మాట్లాడింది సగమే. మిగిలినదంతా సబ్‌స్క్రైబ్ చేయండి, సూపర్ చాట్ (డబ్బు కట్టి పంపే సందేశం) వేసిన తమ్ముడి పేరు చదువుతా, ఆ స్కిన్ (డబ్బుతో కొనే వేషం) లేనివాడు నూబ్ (ఆట రానివాడు), కింద డిస్క్రిప్షన్‌లో లింకు ఉంది. డబ్బు కట్టినవాడి పేరు ముద్దుగా చదివినప్పుడు, కట్టలేని పిల్లవాడికి ఎట్లా ఉంటుందో నా కొడుకు ముఖంలో చూశాను. డైమండ్స్ కొనడం నేరం కాదు, ఆ సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. పందెం కాసి గెలిస్తే డబ్బు వస్తుందని ఆడించేవి వేరు. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ వంటి వాటిని నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందేల ఆటలను, వాటి ప్రచారాన్ని కూడా నేరం చేసింది. పిల్లలు చూసే గేమ్ వీడియో కింద "ఇరవై పెట్టు, రెండు వందలు తీసుకో" అనే తరహా లింకు కనిపిస్తే, వీడియో ఎంత మంచిదైనా ఆ ఛానల్‌ను ఇంట్లో నుంచి తీసేయడమే నా సలహా. వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కితే ఈ ఛానల్‌ను సిఫార్సు చేయవద్దు అనే మాట ఉంటుంది.

వ్యాఖ్యలు మూసి ఉన్న వీడియోలు చూసి, అవి పిల్లలకు మంచివేననుకుని కొందరు మోసపోతారు. 2020 జనవరి నుంచి పిల్లల కోసం చేశామని ప్రకటించిన వీడియోలకు యూట్యూబ్ వ్యాఖ్యలను ఆపేస్తుంది. అమెరికాలో పిల్లల సమాచారం సేకరించిన కేసులో అంతకుముందు ఏడాది 17 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చిన తర్వాత చేసిన మార్పు అది. వీడియో పిల్లలదేనని ముందుగా చెప్పుకునేది దాన్ని పెట్టినవాడే, కనుక అది మంచితనానికి సర్టిఫికెట్ కాదు.

నా ఇంట్లో నేను పాటిస్తున్నది చిన్న పని. వారానికి ఒకసారి, ఆదివారం దుకాణం కట్టేసి వచ్చాక, నా కొడుకు ఆ వారం ఎక్కువగా చూసిన వీడియో ఒకటి వాడినే ఎంచి పెట్టమంటాను. మొదట్లో కొంచెం, నడుమ కొంచెం, వీడియోలో ఆడేవాడు ఓడిపోయే చోట తప్పకుండా వింటాను. ఓడిపోయినప్పుడు మనిషి నోటి నుంచి ఏం వస్తుందో చూస్తే మిగిలిన గంట వినాల్సిన పని లేదు. తర్వాత వీడియో ఆపి, "ఇందులో వాడు ఏం చేస్తున్నాడో నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అంటాను. మంచి వీడియో అయితే వాడు ఆపకుండా చెబుతాడు, మ్యాపు ఎట్లుందో, ఎందుకు అటు పోకూడదో, అన్నీ. పనికిరానిది అయితే "ఏం లేదు డాడీ, ఊకెనే" అంటాడు. నేను పెట్టుకున్న ఏ లాక్ కంటే ఆ "ఊకెనే" అన్న మాటే నాకు ఎక్కువ సంగతి చెబుతుంది. మొదటి వారాల్లో వాడు మంచి వీడియోలనే ఏరి చూపించాడనుకోండి, హిస్టరీ నా చేతిలోనే ఉంది. హిస్టరీ మరీ ఖాళీగా కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉన్నట్టే.

ఇంట్లో చదువు వచ్చిన పెద్దవాళ్లు ఉన్నచోట ఇది సాధ్యమే. మరి పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు, మా దేవరకొండ వైపు నుంచి హైదరాబాదు పనులకు పోయిన తల్లిదండ్రుల పిల్లల సంగతి ఏమిటి? వాళ్ల వీడియోలను తేల్చాల్సినది అక్షరం రాని అవ్వా తాతలు. వాళ్లకు సెట్టింగులు చెప్పి లాభం లేదు గానీ, చెవులు మాత్రం మనకంటే బాగా పనిచేస్తాయి. ఏది తిట్టో, ఏది వెటకారమో, ఏది డబ్బు అడిగే గొంతో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ దేవరకొండ పెద్దమ్మకు నేను ఖాతా సంగతి చెప్పలేదు, ఇయర్‌ఫోన్ ఇవ్వకుండా ఫోను ఇమ్మని మాత్రమే చెప్పి పంపాను.

మీ పత్రిక శుక్రవారం విడుదలైన సినిమాకు శనివారం పొద్దున్నే సమీక్ష వేస్తుంది. ఎవరెవరు చూడవచ్చో కూడా చివర ఒక వాక్యం రాస్తుంది. మన పిల్లలు నెలకు ఒక సినిమా చూస్తారు, రోజుకు పది గేమ్ వీడియోలు చూస్తారు. జిల్లా పేజీలో వారానికి పావు కాలమ్ స్థలం ఇచ్చి, పిల్లలు ఎక్కువగా చూస్తున్న ఒక్క గేమ్‌ను తీసుకుని, దాని వయసు ముద్ర ఏమిటో, దాని తెలుగు వీడియోల్లో భాష ఎట్లా ఉంటోందో, డబ్బు ఎక్కడ అడుగుతున్నారో పెద్ద అక్షరాల్లో రాయించగలరా? అవ్వకు మనుమడే చదివి వినిపించేంత సులువుగా ఉంటే ఇంకా మంచిది. అలాగే బడుల్లో జరిగే తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల కాగితం ఇచ్చే ముందు పది నిమిషాలు ఒక గేమ్ వీడియోను స్పీకరు మీద వినిపించేట్టు నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల విద్యాధికారులు ఆలోచించాలని మీ ద్వారా కోరుతున్నాను. స్పీకరు లేని బడికి నా దుకాణంలో ఉన్నది ఒకటి ఇస్తాను, తిరిగి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక మొబైల్ దుకాణదారు,
ప్రకాశం బజార్, నల్లగొండ